86,400 గంటల తరువాత

కోయంబత్తూరు, మదురై తెలుగువారి జీవితాల్లో కొలువుకు ఆవల ఏముంది? అంకెలు చెప్పే కథ

ఇరవై రెండో ఏట ఉద్యోగంలో చేరి యాభై ఎనిమిదో ఏట విరమించే మనిషి సంగతి లెక్కవేద్దాం. మొత్తం 36 ఏళ్లు. ఏడాదికి 50 వారాలు, వారానికి 48 గంటలు. గుణిస్తే 86,400 గంటలు వస్తాయి. ఒక రోజులో సెకన్లు ఎన్నో, ఒక కొలువులో గంటలు అన్ని.

ఇప్పుడు రెండో లెక్క. ఆ మనిషి విరమించాక మరో 20 ఏళ్లు బతికితే, రోజుకు ఎనిమిది గంటల నిద్ర తీసేసినా మెలకువగా ఉండేవి 1,16,800 గంటలు. అంటే కొలువుకు ధారపోసినదాని కంటే 30,400 గంటలు ఎక్కువ.

మొదటి లెక్క కోసం మనం పిల్లవాడు హైస్కూలు మెట్లెక్కినప్పటి నుంచీ సిద్ధమవుతాం. కోచింగులు, ప్రవేశ పరీక్షలు, సిఫార్సులు అన్నీ దానికే. రెండో లెక్కకు మాత్రం పింఛను కాగితాలు తప్ప ఏ సన్నాహమూ ఉండదు. ఈ మధ్య చాలామంది యువత ఇంకో మాట కూడా అంటున్నారు: యాభై ఎనిమిది దాకా ఎందుకు, నలభైకే ఉద్యోగం వదిలేసి నచ్చినట్టు బతకాలని. ఆ కోరిక న్యాయమైనదే. కానీ దాని వెంట వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంటోంది: ఎంత డబ్బు కావాలి?

డబ్బు ఆ లెక్కలో ఒక అంకె మాత్రమే. మిగతా అంకెలు ఏమిటో చూడాలంటే తమిళనాట పశ్చిమాన కోయంబత్తూరు, దక్షిణాన మదురై వైపు వెళ్లాలి. అక్కడి పాత తెలుగు కుటుంబాల్లో కొందరు కొలువు అనే హద్దును మూడు రకాలుగా దాటారు. ఒకరు కొలువులో స్థిరపడనే లేదు. ఒక కుటుంబం సంపాదనలో వాటా తీసి పక్కన పెట్టింది. ఒకరు విరమణ రోజునే రెండో జీవితం మొదలుపెట్టారు. ముగ్గురి కథల్లోనూ నాకు కనిపించే సత్యం ఒక్కటే. కొలువు తరువాతి స్వేచ్ఛకు పునాది కొలువు నడుస్తున్న రోజుల్లోనే పడుతుంది.

42,34,302: ఎవరు వీళ్లు?

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారి సంఖ్య ఇది. రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. తమిళం తరువాత అక్కడ ఎక్కువమంది మాట్లాడే భాష మనదే.

పద్నాలుగో శతాబ్దంలో విజయనగర సేనలు మదురైని గెలిచినప్పటి నుంచి ఈ వలస సాగింది. 1529 నుంచి 1736 దాకా మదురైని ఏలిన నాయక రాజులు తెలుగువారు. విశ్వనాథ నాయకుడి కాలంలో రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించారు. సేనలతోపాటు రైతులు, నేతపనివాళ్లు, చర్మకారులు, కూలీలు తరలివచ్చారు. నల్లరేగడి నేలలు దొరికినచోట రైతులు స్థిరపడి పత్తి పండించారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. లిపి తెలియకపోయినా మాట నిలిచింది.

ఆ పత్తి పొలాలే తరువాత మిల్లులయ్యాయి. కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌కు శ్రీకారం చుట్టారు. 1930ల్లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లులు వరసగా లేచాయి. ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి. ఇక్కడ చెప్పబోయే స్వేచ్ఛల వెనుక పొలం ఉంది, పత్తి ఉంది, బంధుబలగం ఉంది. అవి లేనివారి సంగతికి ముందుముందు వద్దాం.

1 బస్సు: కొలువుదారిలో ఆగిపోని మనిషి

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు, అందరూ పిలిచే పేరు జి.డి. నాయుడు, 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. బడి చదువు ప్రాథమిక తరగతుల దగ్గరే ఆగిపోయింది. ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి తోలుకొచ్చిన మోటారు సైకిలును చూశారు. అలాంటి బండి తనకూ కావాలనుకుని కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వరుగా చేరారు. డబ్బు కూడగానే బండి కొన్నారు. కొన్న బండిని ఊడదీసి, మళ్లీ బిగించి, దాని గుట్టు నేర్చుకున్నారు.

ఆ హోటల్ పనిని గమనించండి. ఆయనకు అది గమ్యం కాదు. ఫలానా వస్తువు కోసం, ఫలానా మొత్తం కూడేదాకా చేసిన పని. ఎందుకు చేస్తున్నారో, ఎప్పుడు ఆపాలో ముందే తెలుసు. జీతానికి పని చేసే మనిషికి ఈ రెండూ తెలిసి ఉండటమే పెద్ద బలం.

1920లో ఆయన ఒక్క బస్సుతో పొల్లాచి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టారు. అది యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే తయారైన తొలి విద్యుత్ మోటారును తెచ్చారు. ఈనాడు కోయంబత్తూరు పేరు చెప్పగానే గుర్తొచ్చే మోటార్లు, పంపుల పరిశ్రమకు మూలం అక్కడుంది. బ్యాటరీతో నడిచే క్షవర యంత్రం, పళ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం ఇలా ఆయన తలకెత్తుకున్నవి ఎన్నో.

అన్నీ గెలుపులే కావు. 1952లో 2,000 రూపాయల ధరకు ఇద్దరు కూర్చునే కారు రూపొందిస్తే, తయారీకి ప్రభుత్వ అనుమతి రాలేదు. అంతకు ముందు 1945లో నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాసంస్థ నెలకొల్పి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంజినీరింగ్ నేర్పడానికి నాలుగేళ్లు అక్కర్లేదన్న ఆయన వాదన ప్రభుత్వానికి నచ్చలేదు. ఆయన పదవి వదులుకున్నారు. ఆ సంస్థే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. పదవి వదిలినా ఆయన బోధన ఆపలేదు. 1967లో పారిశ్రామిక ప్రదర్శనశాల తెరిచి యంత్రాలన్నీ జనం ముందు పెట్టారు. 1974 జనవరి 4న కన్నుమూసేదాకా ఆయనకు విరమణ తేదీ అంటూ లేదు.

అందరూ జి.డి. నాయుడు కాలేరు. కానీ హోటల్లో పనిచేసిన ఆ కుర్రవాడి పద్ధతి ఎవరికైనా సాధ్యమే. చేస్తున్న ఉద్యోగం నాకు దేన్ని కొనిపెడుతోంది, అది చేతికొచ్చాక నేనేం చేస్తాను? ఈ రెండింటికీ జవాబు రాసుకోవడానికి పెట్టుబడి అక్కర్లేదు.

5లో 1: వాటా తీసి పెట్టిన కుటుంబం

కోయంబత్తూరు పక్కనున్న పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుటుంబానిది వేరే దారి. వారికి నలుగురు కొడుకులు. ఆస్తిని నాలుగు భాగాలు చేయాల్సిన చోట అయిదు చేశారు. నాలుగు కొడుకులకు, అయిదోది ధర్మానికి. ఆ అయిదో వాటా 2,01,760 రూపాయలతో 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ ఏర్పడింది. ధర్మం కూడా ఇంట్లో ఒక కొడుకే అన్నమాట.

ఆ వాటా నుంచి పారిశ్రామిక శిక్షణాలయం, 1947లో ఆర్ట్స్ కళాశాల, 1951లో సాంకేతిక కళాశాల, ఆ తరువాత వైద్య కళాశాల, ఆసుపత్రి వచ్చాయి. నాలుగు వాటాలు నాలుగు ఇళ్లలోకి వెళ్లాయి. అయిదోది ఒక నగరానికి చదువు చెప్పింది.

జీతగాడికి ఈ కథతో ఏం పని అనిపించవచ్చు. డబ్బు బదులు కాలం పెట్టి చూడండి. వారానికి 48 గంటల్లో అయిదో వంతంటే తొమ్మిదిన్నర గంటలు. అంత తీయలేకపోతే పన్నెండో వంతు, నాలుగు గంటలు. వారానికి నాలుగు గంటలు పదేళ్లు తీస్తే 2,000 గంటలవుతాయి. పూర్తికాలపు ఉద్యోగంలో అది పది నెలల పనికి సమానం. ఒక విద్యలో చేయి తిరగడానికి, ఒక ఊరి అవసరం అర్థం కావడానికి ఆ కాలం చాలు. మిగిలిన సమయంలోంచి ఏదో ఒకటి చేద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. పీళమేడు కుటుంబం పంపకాలయ్యాక మిగిలింది ఇవ్వలేదు. పంపకంలోనే వాటా పెట్టింది. తేడా అక్కడే ఉంది.

20 ఏళ్లు: కొలువులోనే మొలిచిన రెండో జీవితం

ఇక మదురై. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, లోకానికి డాక్టర్ వి, 1918 అక్టోబర్ 1న నేటి తూత్తుకుడి జిల్లాలోని వడమలాపురంలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. పలకా బలపం లేని బడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దుకున్నారు. బంధువుల ఇళ్లలో కాన్పు సమయంలో ఆడవాళ్లు చనిపోవడం చిన్నతనంలోనే చూసి, కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. మదురై అమెరికన్ కళాశాలలో చదివి, 1944లో మద్రాసు స్టాన్లీలో వైద్య పట్టా అందుకుని సైన్యంలో వైద్యుడిగా చేరారు.

ముప్పై ఏళ్లు వచ్చేసరికి కీళ్లవాతం ఆయన్ని మంచాన పడేసింది. వేళ్లు వంకర్లు తిరిగాయి. 1948లో సైన్యం నుంచి బయటికి వచ్చేశారు. కాన్పుల వైద్యం ఆ చేతులతో సాధ్యపడలేదు. అప్పుడు కంటి వైద్యం వైపు తిరిగి, వంకర వేళ్లతో కత్తి పట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ చేతులతోనే జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్ర విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడి నుంచి 20 ఏళ్లు సర్కారు కొలువే. ఆ ఇరవై ఏళ్లలో ఆయన ఏం చేశారన్నదే ఈ కథనానికి ఆయువుపట్టు. 1960ల్లో పల్లెపల్లెకూ కంటి శిబిరాలు తీసుకెళ్లారు. 1966లో అంధుల పునరావాస కేంద్రం మొదలైంది. 1973లో కంటి వైద్య సహాయకులకు శిక్షణ మొదలైంది. అదే ఏడాది పద్మశ్రీ వచ్చింది.

శిబిరాలు, కేంద్రం, శిక్షణ ఈ మూడూ ఉద్యోగ విధుల్లో కచ్చితంగా చేయాల్సినవి కావు, ఉద్యోగానికి విరుద్ధమైనవీ కావు. శిబిరాల్లో ఆయనకు తెలిసిందేమిటంటే, చికిత్స చేస్తే పోయే శుక్లాలతో లక్షలమంది గుడ్డివాళ్లుగా బతుకుతున్నారని. సహాయకుల శిక్షణలో తెలిసింది, డాక్టరు చేసే పనుల్లో చాలావాటికి డాక్టరే అక్కర్లేదని. విరమణ నాటికి ఆయన దగ్గర పింఛను ఒక్కటే లేదు. పదేళ్లకు పైగా పరీక్షించి చూసిన ఒక ఆలోచన ఉంది.

11 పడకలు: 58వ ఏట మొదలు

1976లో 58 ఏళ్లు నిండి ఆయన విరమించారు. 1970–75 మధ్య భారతీయుడి సగటు ఆయుర్దాయం 49.7 ఏళ్లు. అంటే దేశపు సగటును దాటిపోయిన వయసులో ఆయన పని మొదలైంది. మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. అందులో ఆరు పడకలు డబ్బు ఇవ్వలేనివారికి, అయిదు ఇవ్వగలిగినవారికి. శ్రీ అరవిందుల బోధనలు ఆయనకు ప్రాణం. ఆసుపత్రికి ఆ పేరే పెట్టారు.

బ్యాంకులు అప్పివ్వలేదు. తోబుట్టువులు నగలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి ప్రభుత్వ కొలువులు వదిలి ఈ పనిలోకి వచ్చారు. తమ్ముడు శ్రీనివాసన్ కట్టడాల బాధ్యత తీసుకున్నారు. స్వేచ్ఛ అనగానే ఒంటరి మనిషి గుర్తొస్తాడు. ఇక్కడ అది ఉమ్మడి కుటుంబం ఎత్తుకున్న బరువు.

2,000: లెక్క ఎలా కుదిరింది?

ఆరు పడకలకు డబ్బు రాదు, అయినా ఆసుపత్రి నడవాలి. సేవాభావం ఒక్కటే అయితే కొన్నాళ్లకే మూతపడేది. దాన్ని నిలబెట్టింది లెక్క.

కంటి ఆసుపత్రిలో అన్నింటికన్నా అరుదైనది శస్త్రవైద్యుడి సమయం. దాన్ని ఒక్క నిమిషం కూడా వృథా కానివ్వకూడదు. ఆపరేషన్ గదిలో డాక్టరుకు రెండు బల్లలు. ఒక దాని మీద ఆపరేషన్ జరుగుతుండగా, రెండో దాని మీద తరువాతి రోగిని సహాయకులు సిద్ధం చేస్తారు. రెండు పెనాలు పెట్టుకున్న దోసెల మాస్టరు చేయి ఎక్కడా ఆగనట్టే, ఇక్కడ డాక్టరు చేయి ఆగదు. పరీక్షలు, కళ్లజోళ్లు, కట్లు, రోగికి ధైర్యం చెప్పడం ఇవన్నీ పల్లెల నుంచి వచ్చి రెండేళ్ల శిక్షణ పొందిన ఆడపిల్లల చేతిలో ఉంటాయి. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు ఒకే నాణ్యతతో వేల చోట్ల పనిచేయడం చూసి, కంటి చూపును అలా ఎందుకు అందించకూడదని డాక్టర్ వి అనుకున్నారు.

దేశంలో ఒక కంటి డాక్టరు ఏడాదికి సగటున 400 ఆపరేషన్లు చేసే రోజుల్లో, అరవింద్‌లో ఆ సంఖ్య 2,000 ప్రాంతానికి చేరింది. ఇందులో ఆదా ఎంతో ఒక ఊహా లెక్కతో చూద్దాం. డాక్టరు ఏడాది జీతం 24 లక్షలు అనుకోండి. 400 ఆపరేషన్లయితే ఒక్కోదానికి జీతం ఖర్చు 6,000 రూపాయలు. 2,000 అయితే 1,200. ఖర్చు అయిదో వంతుకు దిగితే, డబ్బు కట్టే రోగి ఇచ్చిన దాంట్లోంచి కట్టలేని రోగికి వైద్యం వస్తుంది. ఎవరు కట్టాలో, ఎవరు కట్టక్కర్లేదో రోగే తేల్చుకుంటాడు. ఆదాయ ధ్రువపత్రం అడగరు. డాక్టర్లు రెండు వైపులా వంతులవారీగా పనిచేస్తారు.

1990ల మొదట్లో ఇంకో అడ్డంకి వచ్చింది. శుక్లం తీశాక కంటిలో అమర్చే లెన్స్ విదేశాల నుంచి రావాలి, వంద డాలర్ల పైచిలుకు ధర. 1992లో మదురైలోనే ఆరోల్యాబ్ పెట్టి పది డాలర్ల ప్రాంతంలో లెన్సులు చేశారు, తరువాత ధర ఇంకా దిగింది. ఈనాడు అవి వందకు పైగా దేశాలకు వెళుతున్నాయి. తేని, తిరునెల్వేలి తరువాత 1997లో కోయంబత్తూరులో, 2003లో పుదుచ్చేరిలో ఆసుపత్రులు లేచాయి. అరవింద్ సంస్థల్లో ఇప్పుడు ఏడాదికి దాదాపు 5 లక్షల శస్త్రచికిత్సలు, లేజర్ చికిత్సలు జరుగుతున్నాయి. సుమారు సగం మందికి ఉచితంగానో నామమాత్రపు రుసుముకో వైద్యం దొరుకుతోంది. 2008లో గేట్స్ పురస్కారం, 2010లో హిల్టన్ పురస్కారం వచ్చాయి.

డాక్టర్ వి 2006 జూలై 7న కన్నుమూశారు. మదురైలో సర్కారు కొలువు 20 ఏళ్లు, దాని తరువాత చేసిన పని 30 ఏళ్లు. లోకం గుర్తుపెట్టుకున్నది రెండోదాన్ని. దానికి విత్తనం మాత్రం మొదటిదాంట్లో పడింది.

3 శాతం: కొలువే స్వేచ్ఛ అయినవారు

ఇదే కోయంబత్తూరులో, ఇదే మదురైలో ఇంకో తెలుగు ఉంది. పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వారి తాతలకు పత్తి పొలం లేదు, తాకట్టు పెట్టడానికి ఇల్లు లేదు. తెల్లవారకముందే వీధులూడ్చే కాంట్రాక్టు కార్మికుడికి ఉద్యోగం వదిలి నచ్చినట్టు బతకమని చెప్పడం అర్థం లేని మాట. అతనికి పర్మినెంటు ఉద్యోగమే స్వేచ్ఛ. నెల మొదట్లో పూర్తి జీతం, జబ్బు చేస్తే సెలవు, పిల్లవాడికి వేరే వృత్తి. ఇవి దొరికితే అతని ఇంట్లో ఒక కొత్త కాలం మొదలవుతుంది.

2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతాన్ని అరుంధతీయులకు ప్రత్యేకించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ 3 శాతం వల్ల చదువుకున్న ఒక అమ్మాయి చీపురు బదులు స్టెతస్కోపు పట్టుకుంటే, ఆ ఇంట్లో అది జి.డి. నాయుడు మొదటి బస్సంత పెద్ద సంగతి.

రోజుకు ఎనిమిది గంటల పని కూడా ఎవరో ఉదారంగా ఇచ్చింది కాదు. కార్మికులు దశాబ్దాలు పోరాడాక 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందంలోనే రోజుకు 8, వారానికి 48 గంటలని రాసింది. మన ఫ్యాక్టరీల చట్టం 1948లో వారానికి 48 గంటల హద్దు పెట్టింది. కొలువును దాటి చూడగలిగే మనం, ఆ కొలువు ఇంకా అందని మనిషిని మరిచిపోతే మన స్వేచ్ఛకు విలువ ఉండదు. డాక్టర్ వి స్వేచ్ఛ గొప్పదైంది, అది అవతలి మనిషి చూపుగా మారింది కాబట్టి.

మీ లెక్క

ఈ జీవితాల నుంచి చదువరి తన కాగితం మీద రాసుకోదగిన ప్రశ్నలు నాలుగు.

ఒకటి, గంటలు. విరమణకు మీకింకా ఎన్నేళ్లుంది? వారానికి ఎన్ని గంటలు వాటాగా తీయగలరు?

రెండు, పరీక్ష. మీరు చేద్దామనుకున్న పనిని ఉద్యోగంలో ఉండగానే చిన్నగా చేసి చూశారా? డాక్టర్ వికి 1966, 1973 ఉన్నాయి. మీకు ఆ సంవత్సరాలు ఏవి?

మూడు, ఖర్చు. ఆ పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇవ్వగలిగినవాళ్లెవరు, ఇవ్వలేనివాళ్లెవరు? పొదుపు తిని బతికే పని పొదుపుతోనే ముగుస్తుంది. తన ఖర్చు తాను సంపాదించుకునే పని మనిషి తరువాత కూడా నిలుస్తుంది.

నాలుగు, తోడు. మీ మాట విని నగ తాకట్టు పెట్టేవాళ్లు, ఉద్యోగం వదిలి వచ్చేవాళ్లు, కనీసం ఆదివారం సాయం పట్టేవాళ్లు ఎవరు? లేకపోతే ముందు వారిని సంపాదించుకోవాలి.

విరమణ వయసును ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి. తమిళనాడు 2020లో 59 చేసింది, మరుసటి ఏడాదే 60 చేసింది. తెలంగాణలో 2021 నుంచి 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. కొలువు ఎప్పుడు ముగియాలో ఏదో ఒక జీవో చెబుతుంది. దాని తరువాతి లక్ష గంటలు దేనికో ఏ జీవో చెప్పదు. అది తేల్చుకోవాల్సింది మనమే, ఇంకా జీతం అందుకుంటున్న రోజుల్లోనే. ఈ వారం నాలుగు గంటలతో మొదలుపెట్టండి.